ఎండలో పెట్టిన గాజు గొట్టాలు

ఎండలో పెట్టడమనేది మన ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, మాగాయ ముక్కలు, పరుపులు, దిళ్ళు... ఎండ మొహం చూడని వస్తువంటూ మన ఇళ్ళలో ఉండదు. దేనికి ఎన్ని ఎండలు కావాలో, ఏది ఎంతసేపుంచితే మాడిపోతుందో మనకి ఏ పుస్తకమూ నేర్పలేదు. అయితే గాలిని ఎండలో పెట్టిన ఆడమనిషి ఒకావిడ ఉంది. అవునండీ, ఉత్త గాలిని! ఒక గాజు గొట్టంలో మామూలు గాలి, ఇంకో గొట్టంలో బొగ్గుపులుసు వాయువు నింపి, రెంటినీ పక్కపక్కనే ఎండలో పెట్టి, ఏది ఎంత వేడెక్కుతుందా అని చూసింది. ఇది 1856 నాటి మాట. ఇవాళ మన పిల్లల పాఠాల్లో గ్రీన్‌హౌస్ ప్రభావం అనీ, హరితగృహ ప్రభావం అనీ నోరు తిరగని పేరుతో చెబుతున్నారే, దాని తొలి ఆనవాళ్ళలో ఒకటి ఆ గొట్టంలోనే దొరికింది.

నేను బి.ఏ. లో చరిత్ర చదువుకున్నదాన్ని. సైన్సు నాకు ఆమడ దూరం. అయినా ఈ కథ పట్టుకున్నాక వదల్లేకపోయాను. ఎందుకంటే ఇది గాలి కథే కాదు, గాలిలో కలిసిపోయిన ఒక పేరు కథ కూడా.

ఆవిడ పేరు యూనిస్ న్యూటన్ ఫుట్. 1819లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో గోషెన్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి పేరు ఐజాక్ న్యూటన్. యాపిల్ పండు న్యూటన్ కాదు లెండి, ఆ మహానుభావుడు పోయి అప్పటికే తొంభై ఏళ్ళు దాటింది. పదిహేడో ఏట ఆమెని ట్రాయ్ అనే ఊళ్ళోని ఆడపిల్లల బడిలో వేశారు. ఎమ్మా విల్లార్డ్ అనే ఆవిడ 1821లో పెట్టిన బడి అది. ఆ రోజుల్లో ఆడపిల్ల చదువంటే కుట్లూ అల్లికలూ, కాస్త పాటా, నలుగురిలో మెలిగే మర్యాదా. విల్లార్డ్ మాత్రం లెక్కలూ సైన్సూ కూడా చెప్పాలని పట్టుబట్టింది. పక్కనే ఉన్న మగపిల్లల సైన్సు కాలేజీలో పాఠాలు వినే వీలూ అక్కడి ఆడపిల్లలకు ఉండేది. చూసి నమ్మడమే తప్ప విని నమ్మకూడదనే బుద్ధి యూనిస్‌కి అక్కడే అబ్బి ఉంటుంది.

1841లో ఎలైషా ఫుట్ అనే లాయరుతో పెళ్ళయింది. సెనెకా ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టారు. ఇద్దరు కూతుళ్ళు పుట్టారు. ఇంతవరకూ చెబితే మన పక్కింటి పిన్నిగారి కథలాగే ఉంటుంది. కానీ 1848 జూలైలో, అంటే ఇక్కడ మన కందుకూరి వీరేశలింగంగారు మూడు నెలల పసికందుగా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, ఆ చిన్న ఊళ్ళోనే అమెరికా ఆడవాళ్ళ హక్కుల కోసం మొట్టమొదటి మహాసభ జరిగింది. ఆడా మగా సమానమనీ, ఆడవాళ్ళకి ఓటుండాలనీ అక్కడొక ప్రకటన చేశారు. దాని మీద 68 మంది ఆడవాళ్ళూ 32 మంది మగవాళ్ళూ సంతకాలు పెట్టారు. ఆడవాళ్ళ వరసలో అయిదో పేరు యూనిస్ ఫుట్‌ది. మగవాళ్ళ వరసలో ఆవిడ మొగుడూ ఉన్నాడు. భార్య సంతకం పెడుతుంటే అడ్డం పడకుండా తనూ పెట్టిన మగవాడు ఆ కాలంలో ఎంత అరుదో నేను వేరే చెప్పక్కర్లేదు. సభకి వెళ్ళినందుకు ఇళ్ళలో ఎన్ని కుంపట్లు రాజుకున్నాయో ఎవరికెరుక!

ఇక ఆ గొట్టాల సంగతికి వద్దాం. యూనిస్‌కి యూనివర్సిటీ ఉద్యోగం లేదు. చేతికింద మనుషులు లేరు. ఉన్నవల్లా రెండు గాజు గొట్టాలు, కొన్ని థర్మామీటర్లు, గాలిని లాగే పంపు ఒకటి. గొట్టం వెడల్పు 4 అంగుళాలు, పొడుగు 30 అంగుళాలు. మొదట ఒకదాంట్లోంచి గాలి తోడేసి రెండోదాంట్లో కుక్కి, రెంటినీ ఎండలో పెట్టింది. గాలి దట్టంగా ఉన్న గొట్టమే ఎక్కువ వేడెక్కింది. తర్వాత ఒకదాంట్లో పొడిగాలి, ఇంకోదాంట్లో తేమగాలి. తేమగాలే ఎక్కువ వేడెక్కింది. ఆ తర్వాత ఒక్కొక్క వాయువునూ మార్చి మార్చి నింపి చూసింది. ఉదజనిలో 104 డిగ్రీలు, మామూలు గాలిలో 106, ప్రాణవాయువులో 108 వచ్చాయి. ఇవి మనం జ్వరం చూసుకునే ఫారన్‌హీట్ లెక్క. అంతా అటూ ఇటూగా ఒకటే. బొగ్గుపులుసు వాయువు దగ్గరికొచ్చేసరికి పాదరసం ఏకంగా 125కి ఎగబాకింది! సెంటీగ్రేడులో చెప్పాలంటే మామూలు గాలి 41 దగ్గర ఆగితే, ఇది 52 దాకా పోయిందన్నమాట.

ఇంకో విశేషం కూడా ఆవిడ కంట పడింది. గొట్టాలను నీడలోకి తెచ్చాక బొగ్గుపులుసు వాయువున్న గొట్టం చల్లారడానికి మిగతాదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు పట్టింది. వేడిని త్వరగా పట్టుకోవడమే కాదు, పట్టుకున్నదాన్ని ఓ పట్టాన వదలటం లేదు!

వంటింట్లో ఇలాంటి వింతలు మనం రోజూ చూస్తాం, చూసి ఊరుకుంటాం. యూనిస్ ఊరుకోలేదు. ఆ గొట్టం ముందు నిలబడి భూగోళం గురించి ఆలోచించింది. భూమి చుట్టూ ఈ వాయువే ఆవరించి ఉంటే భూమి బాగా వేడిగా ఉండేదని రాసింది. ఒకప్పుడు మన గాలిలో ఈ వాయువు ఇప్పటికంటే ఎక్కువగా ఉండేదని కొందరంటున్నారు గదా, అదే నిజమైతే ఆ కాలంలో భూమి తప్పకుండా ఇంతకంటే వేడిగా ఉండి ఉంటుందని కూడా రాసింది. గొట్టం పొడుగు రెండున్నర అడుగులు. ఆవిడ ఊహ మాత్రం భూమి పుట్టుపూర్వోత్తరాల దాకా పోయింది.

1856 ఆగస్టులో ఆల్బనీ నగరంలో అమెరికా శాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. యూనిస్ వ్యాసం అక్కడ చదివారు. చదివింది మాత్రం యూనిస్ కాదు, జోసెఫ్ హెన్రీ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు. చదవబోయే ముందు ఆయన విజ్ఞానానికి దేశభేదం లేదనీ, ఆడామగా భేదం లేదనీ ఓ నాలుగు మంచి మాటలు చెప్పాడట. మాటలు బాగున్నాయి. కానీ ఆ సభ వ్యాసాల సంపుటం అచ్చయినప్పుడు అందులో యూనిస్ వ్యాసం లేదు. ఆ నవంబరులో ఒక శాస్త్ర పత్రిక దాన్ని వేసుకుంది. అదీ రెండు పేజీలకు కాస్త తక్కువే. దానికి ముందు పేజీల్లో ఎండవేడి మీద ఆవిడ భర్త రాసిన వ్యాసముంది. అంటే ఆ ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఎండల కబుర్లే నడిచేవి కాబోలు! సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ఆవిడని మెచ్చుకుంటూ రాసింది. అంతటితో సరి. ఆ తర్వాత అందరూ మరిచిపోయారు.

ఇప్పుడు అసలు ఈ వాయువు వేడినెలా పట్టి ఉంచుతుందో చూద్దాం. వేసవిలో పొద్దుగూకాక డాబా మీదకెక్కితే ఏమవుతుంది? సూర్యుడు పోయి గంటయినా గచ్చు కాళ్ళకి చుర్రుమంటుంది. చెయ్యి ఆనించకుండా కాస్త ఎత్తులో పెట్టినా సెగ తగులుతుంది. ఆ సెగ కంటికి కనబడదు, కానీ అదీ వెలుతురు లాంటి కిరణమే. పగలంతా ఎండ తిన్న భూమి ఇలాగే రాత్రింబవళ్ళు తన వేడిని కనబడని కిరణాలుగా ఆకాశంలోకి పంపిస్తూ ఉంటుంది. లేకపోతే ఏనాడో మాడి మసైపోయేది.

ఫ్రాన్సు దేశపు జోసెఫ్ ఫోరియర్ 1824లోనే దీన్ని ఆలోచించాడు. సూర్యుడి వెలుగు గాలిలోంచి సులువుగా దిగి వస్తుంది గానీ, నేల వదిలే చీకటి సెగ అంత సులువుగా బయటికి పోలేదని ఆయన ఊహించాడు. అయితే గాలిలో అలా అడ్డుపడేది ఏమిటో ఆయన తేల్చలేదు. దాన్ని తేల్చినవాడు జాన్ టిండాల్. ఐర్లండులో పుట్టి లండన్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. 1859లో, అంటే యూనిస్ ప్రయోగం జరిగిన మూడేళ్ళకి, ఆయన ఒక పొడుగాటి లోహపు గొట్టం తీసుకుని అటుచివర వేడి వస్తువు, ఇటుచివర అతి కొద్ది వేడినైనా పసిగట్టే పరికరం పెట్టాడు. గొట్టం రెండు చివర్లా బిగించినవి గాజు పలకలు కావు, సైంధవ లవణం పలకలు! గాజయితే చీకటి సెగని ఆపేస్తుంది, ఉప్పు ఆపదు. మన పోపులపెట్టె పక్కనుండే ఉప్పుకి ఎంత గౌరవమో చూశారా?

టిండాల్‌కి తేలిందేమిటంటే, మన గాలిలో నూటికి 99 పాళ్ళుండే నత్రజని, ప్రాణవాయువు ఈ సెగని పట్టించుకోనే పట్టించుకోవు. పిసరంత ఉండే నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మాత్రం దాన్ని పట్టి మింగేస్తాయి. మింగి ఊరుకోవు. మళ్ళీ నాలుగు వైపులా వదులుతాయి. కొంత పైకి పోతుంది, కొంత తిరిగి నేలకే చేరుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోసి, చుక్కలు నిగనిగలాడే రాత్రి చలి పెట్టడానికి కారణం ఇదే.

దీన్ని ఇంటి జమాఖర్చుతో పోల్చుకుంటే తేలిగ్గా బోధపడుతుంది. సూర్యుడి నుంచి వచ్చేది భూమికి జమ. ఆకాశంలోకి పంపేది ఖర్చు. రెండూ సమంగా ఉన్నంతకాలం వేడి నిలకడగా ఉంటుంది. వాయువు ఎక్కువై ఖర్చుకి అడ్డం పడిందనుకోండి, వేడి నిలవపడుతుంది. నేల ఇంకాస్త వేడెక్కి, ఇంకాస్త గట్టిగా సెగ వదిలి, జమా ఖర్చూ మళ్ళీ సమం చేసుకునేదాకా ఆ వేడి పెరుగుతూనే ఉంటుంది. ఇది శాపమని మాత్రం అనుకోకండి. ఈ దుప్పటే లేకపోతే భూమి సగటు వేడి సున్నాకి 18 డిగ్రీలు దిగువన ఉండేది. నదులు గడ్డకట్టేవి, మీరూ నేనూ ఉండేవాళ్ళం కాదు. ఇప్పుడది సుమారు 15 డిగ్రీలంటే ఆ పిసరంత వాయువుల పుణ్యమే. హరితగృహమన్న పేరు మాత్రం దీనికి సరిగ్గా అతకలేదు. మొక్కలు పెంచే గాజు ఇల్లు వేడిగా ఉండడానికి ముఖ్య కారణం వేడిగాలి బయటికి పోకపోవడం. నన్నడిగితే దుప్పటి ప్రభావమంటే చాలు.

నేను నవలలు రాసేదాన్ని. ఈ కథలో టిండాల్‌ని విలన్ చేసేస్తే ఎంత రక్తికడుతుందో నాకు తెలుసు. ఆవిడ కనిపెట్టింది ఆయన కాజేశాడని రాస్తే చదివేవాళ్ళూ సంతోషిస్తారు. కానీ న్యాయం న్యాయమే. యూనిస్ చూసింది ఎండలో వాయువు వేడెక్కడాన్ని. నేల నుంచి పైకి పోయే చీకటి సెగని విడదీసి కొలిచింది టిండాల్. ఆ పనికి యూనిస్ గాజు గొట్టం చాలదు, గాజు ఆ సెగని ఆపేస్తుంది గనక. ఆయన పని ఆయనదే. అయితే బొగ్గుపులుసు వాయువు తక్కిన వాటిలాంటిది కాదనీ, అది గాలిలో హెచ్చితే భూమి వేడెక్కుతుందనీ ముందుగా అచ్చులో చెప్పింది ఈవిడ. ఒకరి గొప్ప చెప్పడానికి మరొకరిని దించక్కర్లేదు. ఇద్దరికీ చెరో పీట వేస్తే సరిపోయేది. చరిత్ర ఒక్క పీటే వేసింది.

ఎందుకలా జరిగిందని చాలాసార్లు అనుకున్నాను. టిండాల్ లండన్‌లో పేరున్న సంస్థలో ప్రొఫెసరు, ప్రతి చిన్న ఫలితమూ నలుగురికీ చేరే చోటు. అంతేకాదు, ఆయనకి లూయిసా అనే భార్య ఉంది. 1893లో ఒకరోజు ఆయనకి మందివ్వబోయి పొరపాటున నిద్రమందు ఎక్కువగా ఇచ్చేసింది. ఆయన పోయాడు. పాపం, ఆ తల్లి మనసెంత కుమిలిపోయిందో! తర్వాత నలభై ఏడేళ్ళు బతికి, ఆయన ఉత్తరాలూ డైరీలూ కాగితాలూ పోగుచేస్తూ, ఆయన జీవితచరిత్ర కోసం పాటుపడుతూనే 1940లో కన్నుమూసింది. మగవాడి పేరు నిలవడం వెనక ఇలాంటి ఆడదాని చాకిరీ ఎంతుంటుందో ఎవరూ లెక్క వేయరు. యూనిస్ కాగితాలను అలా కళ్ళకద్దుకుని దాచిపెట్టినవాళ్ళు లేరు. ఆవిడ తర్వాత ఇంకొక వ్యాసం రాసింది. కిర్రుచప్పుడు చెయ్యని బూటు అడుగులకి 1860లో పేటెంటు తీసుకుంది. కాగితం తయారుచేసే యంత్రానికి ఇంకొకటి. 1888లో చనిపోయింది. అమెరికా ఆడవాళ్ళకి దేశమంతటా ఓటు వచ్చింది 1920లో. తను సంతకం పెట్టిన కోరిక తీరడం ఆవిడ చూడలేదు.

ఆ పేరు మళ్ళీ వెలుగులోకి వచ్చిన తీరు ఇంకా చిత్రం. 2011లో రేమండ్ సోరెన్సన్ అనే ఆయన 1857 నాటి ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే, ఆల్బనీ సభలో చదివిన ఈ వ్యాసం సంగతి కంటబడింది. ఆయనెవరో తెలుసా? ఉద్యోగ విరమణ చేసిన పెట్రోలు నిక్షేపాల శాస్త్రజ్ఞుడు! భూమిలోంచి పెట్రోలు తీయించే వృత్తిలో ఉన్నాయనే, పెట్రోలు కాలిస్తే వచ్చే వాయువు సంగతి ముందే చెప్పినావిడ పేరునీ పైకి తీశాడు. 2022లో అమెరికా భూభౌతిక శాస్త్రజ్ఞుల సంఘం ఆవిడ పేరు మీద ఒక పతకం నెలకొల్పింది. 155 ఏళ్ళ మరుపు తర్వాత వచ్చిన పేరంటం పిలుపు అది.

ఈలోగా సైన్సు ఆగలేదు. స్వీడన్ దేశపు అరీనియస్ దాదాపు ఏడాదిపాటు చేత్తో లెక్కలు వేసి, గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైతే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని 1896లో చెప్పాడు. చలిదేశం వాడు కదా, వేడెక్కితే మంచిదేననుకున్నాడు! 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద ఆ వాయువును ఏ రోజుకారోజు కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో అది సుమారు 315 పాళ్ళు. యంత్రాలూ ఫ్యాక్టరీలూ రాకముందు 280. ఇప్పుడు 420 దాటిపోయింది. బొగ్గూ పెట్రోలూ కాల్చి మనం దుప్పటి మీద దుప్పటి కప్పుతున్నామన్నమాట. 2024వ సంవత్సరం ఫ్యాక్టరీల కాలానికి ముందున్న దానికంటే ఇంచుమించు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ వేడిగా గడిచింది. ఒకటిన్నర డిగ్రీ ఒక లెక్కా అనుకునేరు! పసిపిల్ల ఒంటి మీద ఒకటిన్నర డిగ్రీ పెరిగితే ఏ తల్లయినా రాత్రంతా నిద్రపోతుందా?

చివరగా ఒక్క మాట. భూమి చుట్టూ ఈ వాయువే ఆవరించి ఉంటే ఎలా ఉంటుందో యూనిస్ ఊహించింది గదా, అలాంటి లోకం నిజంగానే ఉంది. ఎక్కడో కాదు, మన అమ్మమ్మలు పొద్దు చూసుకుని లేచి కల్లాపి చల్లుకున్న వేగుచుక్కే అది. శుక్రగ్రహం. దాని గాలిలో నూటికి 96 పాళ్ళకు పైగా బొగ్గుపులుసు వాయువే. దట్టమైన మబ్బులు ఎండలో నాలుగింట మూడు వంతులు వెనక్కి కొట్టేస్తాయి. అందువల్ల సూర్యుడికి మనకంటే దగ్గరగా ఉన్నా అది లోపలికి తీసుకునే ఎండ మన భూమికంటే తక్కువ. అయినా నేల మీద వేడి సుమారు 460 డిగ్రీలు. సీసం కరిగి నీళ్ళవుతుంది. సూర్యుడికి అన్నిటికంటే దగ్గరున్న బుధుడి మీద కూడా అంత వేడి లేదు. 1970లో రష్యావాళ్ళ వెనెరా 7 అనే నౌక అక్కడ దిగి, కాసేపు సంకేతాలు పంపి మూగబోయింది. రెండున్నర అడుగుల గొట్టం చెప్పిన మాట ఒక గ్రహమంతటి ఎత్తున నిజమని అది చెప్పిపోయింది.

మీ అమ్మాయి సైన్సు పుస్తకంలో ఈ పాఠం వచ్చినప్పుడు ఓసారి తెరిచి చూడండి. ఫోరియర్, టిండాల్, అరీనియస్ పేర్లు ఉన్నా ఉండవచ్చు. వాటి మధ్య ఖాళీ దొరికితే పెన్సిల్‌తో ఇంకో పేరు రాసిపెట్టండి. పిల్ల ఎవరని అడుగుతుంది. గాలిని ఎండలో పెట్టినావిడ అని చెప్పండి. తర్వాతి ప్రశ్న అదే అడుగుతుంది.